మా ఆయనకు అచ్చిరాని ప్లాస్టిక్ పిస్టల్

ఆ పిస్టల్‌ను మా ఆయన ఇంటికి తెచ్చిన సాయంత్రం నేను ఆపిల్ పళ్లతో పై అనే తీపి రొట్టె చేద్దామని వంటింట్లో కూర్చుని పళ్ల చెక్కు తీస్తున్నాను. నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి చెక్కుల పక్కనే ధన్‌మని పెట్టాడు.

"చూడు, మనం కట్టిన పన్నులు ఎలా తగలేస్తున్నారో!" అన్నాడు.

మూత తీశాను. లోపల స్పాంజి మీద పడుకుని ఉంది. నల్లగా, పలకలు పలకలుగా, ఎక్కడా ఒక వంపూ సొంపూ లేకుండా.

"ఇదేంటి, ఆఫీసులో స్టేప్లరు పట్టుకొచ్చావా?" అన్నాను.

అంతే, మనిషి మొహం వెలిగిపోయింది. వచ్చినప్పటి నుంచి కోటు కూడా విప్పనివాడు విప్పి కుర్చీకి తగిలించాడు. ఇక ఈ యుద్ధంలో నేను తన పక్షమని అప్పుడే తేల్చేసుకున్నాడు.

మా ఆయన పేరు వెర్లిన్ హాగెన్. అమెరికాలో మాంటానా రాష్ట్రానికి తూర్పు కొసన ఉంటుంది మా కౌంటీ, అంటే జిల్లా. మనుషుల కంటే ఆవులెక్కువ, ఆవుల కంటే గాలి ఎక్కువ. దానికి పోలీసు పెద్ద షెరీఫ్, అతని కింద డిప్యూటీ మా వెర్లిన్. షెరీఫులు ఓట్లడుక్కుని వస్తారు, ఓడిపోయి పోతారు, వెర్లిన్ మాత్రం అక్కడే ఉంటాడు. వాళ్ల నాన్న బీట్ దుంపలు పండించేవాడు. పొలం అన్నకి పోయింది, ఈయనకి బ్యాడ్జి మిగిలింది. తాగి ఇల్లు పీకి పందిరేస్తున్నవాడి గుమ్మంలోకి వెళ్లి, ముందుగా "మీ ఎర్రావు ఈనిందా?" అని అడిగే రకం. వాడు ఆవు సంగతి చెబుతూ చెబుతూ చల్లబడేవాడు. అందుకే ఇన్నేళ్లలో మనిషి మీద ఒక్క తూటా పేల్చే అవసరం రాలేదు.

పేల్చిందల్లా జింకల మీద. చలికాలం ముందు మా రోడ్ల మీద జింకలు కార్ల కింద పడుతూనే ఉంటాయి. నడుం విరిగి ముందుకాళ్లతో పాకే జింకను చూస్తూ ఊరుకోలేం కదా. అప్పుడు వెర్లిన్‌ను పిలుస్తారు. దగ్గరగా నిలబడి, తలలో ఒక్కటే తూటా. తర్వాత దాన్ని ఒక్కడే ఈడ్చి రోడ్డు పక్కన పెట్టేవాడు. ఆ పూట మాత్రం ఇంట్లో మాంసం వండినా ముట్టేవాడు కాదు.

ఆ పని చేసింది పాత రివాల్వర్. కొలువులో చేరిన కొత్తలో సొంత జీతంతో కొనుక్కున్నాడు. దాని పిడి ఎవరిదో పాడైపోయిన పియానో కాలు చెక్కి తనే చేసుకున్నాడు. అరచెయ్యి ఆనే చోటల్లా అరిగి నున్నగా అయింది.

ఆ రాత్రి భోజనం సంగతి దేవుడెరుగు, బల్ల మీద నా జామ్ తూకం తక్కెడ పెట్టి ఒకదాని తర్వాత ఒకటి రెండింటినీ తూచాడు. కొత్తది పాతదాంట్లో సగానికి కొంచెమే ఎక్కువ తూగింది.

"బరువు లేనిది తుపాకీ ఎలా అవుతుంది? వెనక లాగడానికి సుత్తి లేదు. పొరపాటున పేలకుండా బిగించడానికి గడియ లేదు. ట్రిగ్గర్‌కి ఇంకో బుల్లి ట్రిగ్గర్! సిగరెట్ లైటర్‌కి కూడా ఇంతకంటే పొందిక ఉంటుంది."

"మంచిదేం లేదా మరి దాన్లో?"

"జనవరి మంచులో ఇనుములా వేళ్లకి అతుక్కోదు," అన్నాడు, పన్ను పీకించుకున్నట్టు మొహం పెట్టి.

నేనూ చేతిలోకి తీసుకుని చూశాను. ఉన్నమాట చెప్పాలంటే నాకు బాగానే కుదిరింది. మెడ మీద చెయ్యి వేసుకున్నట్టు పిడి అరచేతిలో సర్దుకుపోయింది. ఆ మాట పైకి అంటానా? "థూ, బొమ్మ," అని పెట్టేశాను.

సంగతేమిటంటే, కొత్త షెరీఫ్ లోవెల్ బాయర్ అందరికీ అవే కొన్నాడు. నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ లోపల ప్రతి డిప్యూటీ కొత్త పిస్టల్‌తో గురి పరీక్ష నెగ్గాలి. నెగ్గనివాడు కారూ రోడ్డూ వదిలేసి కోర్టు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోవాలి. వచ్చేవాళ్ల సంచులు తడిమి చూడాలి.

"బెల్టు విప్పండమ్మా, జేబులు చూపించండయ్యా అంటూ కూర్చోనా నేను?" అన్నాడు వెర్లిన్. "దానికంటే బీట్ ఫ్యాక్టరీలో మడ్డి ఎత్తడం నయం."

మాటలంటే అన్నాడు గానీ ఆయనకి ఆ రోడ్లే ప్రాణం. ఎవరి గేటు ఎటు తెరుచుకుంటుందో, ఏ ముసలమ్మకి పొయ్యిలో కట్టె వేసి రావాలో అన్నీ ఆయన తలలో ఉంటాయి. ఆ రోడ్లు పోతే మనిషిలో ఏం మిగులుతుందోనని నాకు గుబులుగా ఉండేది.

గురి చూసి కాల్చడం నేర్చుకునేది ఊరవతల కంకర గోతిలో. మొదటి రోజు బొటనవేలికి కట్టు కట్టుకుని వచ్చాడు. రివాల్వర్ పట్టినట్టే ఎడమ బొటనవేలిని పిడి వెనకకు తిప్పి పెట్టాడట. ఈ కొత్తదానికి పైనున్న ఉక్కు తొడుగు ప్రతి దెబ్బకీ వెనక్కి తన్నుకొస్తుంది. అది చర్మం చీరేసింది. రివాల్వర్లతో ముదిరినవాళ్లంతా మొదటిరోజు చేసే తప్పే అది. మర్నాటికి దిద్దుకున్నాడు.

అసలు గొడవ తర్వాత మొదలైంది. కాల్చిన తూటా ఖాళీ గుల్ల ఎగిరి బయట పడాలి. వెర్లిన్ కాలిస్తే రెండో దెబ్బకో మూడో దెబ్బకో ఆ గుల్ల తొడుగు మధ్యలో ఇరుక్కుని నిటారుగా నిలబడేది. ఇక పిస్టల్ పేలదు. లాగి, దులిపి, మళ్లీ మొదలెట్టాలి.

"మణికట్టు బిగించు, వెర్లిన్," అన్నాడట లోవెల్. "ఇది తేలిక పిస్టల్. చెయ్యి వదులైతే వెనక్కి తన్నే ఊపు చాలదు, గుల్ల ఇరుక్కుంటుంది."

"నువ్వు పక్క తడుపుకునే రోజుల నుంచి నేను తుపాకీ పడుతున్నాను. నాకు మణికట్టు నేర్పుతావా?"

డార్లా అని ఇంకో డిప్యూటీ ఉంది. ఆఫీసులో అందరికంటే చిన్నది, చిన్న చేతులు, బూట్లతో కలిపి తూచినా బస్తా గోధుమలంత ఉండదు. వెర్లిన్‌కి కూతురితో సమానం. ఏ ఇంటికి పిలుపొచ్చినా ఆ పిల్ల ముందు, ఈయన వెనక. దాని చేతిలో పిస్టల్ గడగడా పేలిపోయేది. "పెద్దాయనా, కావాలంటే నాది తీసుకో," అని ఇచ్చింది. దాందీ వెర్లిన్ చేతిలో ఇరుక్కుంది. ఈయనది దాని చేతిలో సాఫీగా పేలింది.

"తూటాలు నాసిరకం. దాని వంతుకి మంచివి పడ్డాయి," అన్నాడు ఇంటికొచ్చి. నేను సరేనన్నాను. మొగుడు చెప్పాక నమ్మకపోవడానికి నేనేం లోవెల్ బాయర్‌నా?

ఆ నెలంతా మా ఇంట్లో నిద్ర లేదు, నెమ్మది లేదు. కుర్చీలో కూర్చునేవాడు, లేచేవాడు, కిటికీ దగ్గరికి పోయేవాడు, మళ్లీ కూర్చునేవాడు. టీవీలో వార్తలు సగంలో ఉండగానే ఖాళీ పిస్టల్ తెచ్చి ఛక్, ఛక్ అని తొడుగు లాగడం. బయట గాలి తలుపులు కొడుతుంటే లోపల ఈ ఛక్ ఛక్. నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు.

"ఆపుతావా, దాన్ని సూప్‌లో వేసి ఉడకబెట్టనా?" అని అరిచాను.

"ఉడకబెట్టు, ప్లాస్టిక్కేగా, మెత్తబడుతుంది," అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోగానే మళ్లీ లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

శనివారం బెవ్ హోటల్లో కాఫీకి వెళ్తే అక్కడా ఇదే. మా వైపు మగవాళ్లు పొద్దున్నే తోలు గిన్నెలో పాచికలు గిలకరించి వేసి, ఓడినవాడి చేత అందరి కాఫీ డబ్బులూ కట్టిస్తారు. ఆర్విడ్ అని వెర్లిన్‌కి చిన్నప్పటి నేస్తం, నోటికి హద్దు లేదు.

"ఒరేయ్ వెర్లిన్, నీ బొమ్మకి బ్యాటరీలు వేశావా? లేకపోతే కీ ఇవ్వాలా?"

"నీ ట్రాక్టర్ కంటే తొందరగానే స్టార్టవుతుందిలేరా," అంటూ గిన్నె ఎత్తాడు. పాచికలు బల్ల దాటి నేల మీద దొర్లాయి. అందరూ గొల్లున నవ్వారు. బెవ్ వంగి ఏరి ఇచ్చింది. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే జింక సంగతి జరిగింది. మసకచీకటి వేళ ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని వేసుకుని కార్లో వస్తూ జింకను గుద్దేసింది. వెర్లిన్, డార్లా కలిసి వెళ్లారు. జింక వెనకభాగం నలిగిపోయి రోడ్డు మీద కొట్టుకుంటోంది. పిల్లలు కారు అద్దానికి మొహాలు ఆనించి చూస్తున్నారు. వెర్లిన్ పేల్చాడు. పక్కకి పోయింది, దవడకి తగిలింది. రెండోది పేలలేదు. గుల్ల ఇరుక్కుంది. ఆయన దాన్ని లాగే లోపల ఆ జింక మనిషి ఏడ్చినట్టు ఏడ్చిందట. చివరికి డార్లా పరిగెత్తుకొచ్చి తన దానితో కాల్చింది.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "పిల్లలు చూశారు, ఆర్డిస్," అని ఒక్కమాట అన్నాడు. ఆర్డిస్ నా పేరు. తర్వాత చాలాసేపటికి, "మంగళవారం కమిషనర్ల మీటింగుంది. పేరు రాయించాను. నిలబడి చెబుతాను. ఈ చెత్తంతా కంపెనీకి తిప్పి పంపి, మా రివాల్వర్లు మాకిచ్చేయమంటాను," అన్నాడు.

చెబితే వింటారు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కౌంటీని నడిపే ఆ ముగ్గురు కమిషనర్లూ లోవెల్ లెక్కలు పది చూపిస్తే ఊగిపోతారేమో గానీ, వెర్లిన్ హాగెన్ పనికిరాదన్నది మాత్రం ఉంచుకోరు.

నాకు ఒళ్లు మండిపోయింది. లోవెల్ మీద, ఆ పిస్టల్ మీద, దాన్ని కనిపెట్టిన మహానుభావుడి మీద. "నేను కాలుస్తాను," అన్నాను. "నా చేతిలోనూ ఇరుక్కుంటే ఇంక లోవెల్ ఏ మణికట్టు గురించి మాట్లాడతాడో చూద్దాం. ఇంటావిడ కాల్చినా ఇరుక్కుందని మీటింగులో చెప్పు."

నేనేం కొత్తదాన్ని కాదు. మా నాన్న పొలంలో తుపాకీతో ఎలకల్ని కొట్టి పెరిగినదాన్ని.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, గౌను మీదే చలికోటు వేసుకుని కొట్టం వెనక ఎండిన వాగులోకి దిగాం. గట్టు మీద ఖాళీ కాఫీ డబ్బాలు వరసగా పెట్టాడు. పిడిలో దూరే తూటాల మ్యాగజైన్ నింపి నా చేతికిచ్చాడు. "బొటనవేలు జాగ్రత్త," అన్నాడు.

కాల్చాను. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఎక్కడ ఇరుక్కుంటుందా అని నేను కాచుకునే ఉన్నాను. గుల్లలు కుడివైపు గడ్డిలోకి ఎగిరి పడుతూనే ఉన్నాయి. మ్యాగజైన్ ఖాళీ అయి తొడుగు వెనక్కి ఆగిపోయేదాకా ఆ దరిద్రగొట్టుది ఒక్కసారి తడబడలేదు.

తిరిగి చూశాను. వెర్లిన్ మొహంలో రక్తం లేదు.

"మళ్లీ," అన్నాడు. మ్యాగజైన్ నింపడానికి చాలాసేపు పట్టింది. తూటాలు వేళ్ల సందుల్లోంచి జారి గడ్డిలో పడుతుంటే వంగి వెతుక్కున్నాడు. నేను సాయం పట్టబోతే మోచేత్తో నెట్టాడు.

అప్పుడు నేను ఆయన వేళ్ల వైపు చూశాను. అంతవరకూ తట్టలేదు, ఒట్టు. తట్టినాక మాత్రం ఆలోచించలేదు. మూడు దెబ్బలు సరిగ్గా కాల్చాను. నాలుగోదానికి లోవెల్ అన్న మాట గుర్తు పెట్టుకుని మణికట్టు వదులు చేశాను. ఇరుక్కుంది! గుల్ల నిటారుగా నిలబడింది.

"చూశావా! చూశావా! చెత్త! అచ్చంగా చెత్త!" అని చిన్నపిల్లలా గంతులేశాను.

వెర్లిన్ పిస్టల్ వైపు చూడలేదు. నా చేతి వైపు చూస్తున్నాడు.

"చెయ్యి వదిలేశావు," అన్నాడు.

"లేదే!"

"ఆర్డిస్, కావాలని వదిలేశావు."

"నేనెందుకు వదులుతాను? నీకు పిచ్చా?"

"పిస్టల్ పైకి లేచి, నీ చెయ్యి వెనక్కి వాలిపోయింది." మెల్లగా, తనలో తను చెప్పుకున్నట్టు అన్నాడు. "కాల్చేటప్పుడు నాది నాకు కనపడదు. అలాగే ఉంటుంది కాబోలు నాది."

నేను పిస్టల్‌ను నేల వైపు దించాను.

పిస్టల్ తీసుకున్నాడు. గుల్ల లాగేశాడు. కాళ్లు ఎడం చేసి, పళ్లు బిగించి, మెడనరాలు తేలేలా పట్టి కాల్చాడు. రెండోదానికి ఇరుక్కుంది. దులిపాడు. మళ్లీ ఇరుక్కుంది.

"ఇలా రా," అన్నాడు. "పక్కన నిలబడి నా మణికట్టు పట్టుకో. రెండు చేతుల్తో. కదలనివ్వకు."

పట్టుకున్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ చెయ్యి నాకు తెలియదా? ఎండుగడ్డి మోపులు ఒంటిచేత్తో లారీలోకి విసిరిన చెయ్యి. దాని లోపల ఏదో సన్నగా, సీసాలో పెట్టి మూత బిగించిన తేనెటీగలా కొట్టుకుంటోంది. గట్టిగా బిగించాను. కాల్చాడు. ఇంకోటి కాల్చాడు. మిగిలినవన్నీ ఆగకుండా పేలిపోయాయి. గుల్లలు ఒకదాని మీద ఒకటి గడ్డిలో పడ్డాయి.

చప్పుడు ఆగాక కూడా నేను చెయ్యి వదల్లేదు. "ఇది మంచి పిస్టల్, ఆర్డిస్," అన్నాడు.

తర్వాత రెండు రోజులూ ఛక్ ఛక్ లేదు. కిటికీ దగ్గర నిలబడేవాడు, కొట్టంలోకి పోయేవాడు, చేసే పనేం లేక తిరిగొచ్చేవాడు. మీటింగులో ఏం చెబుతావని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయం. పిస్టళ్లు చెత్త అని చెబితే ఎవరికీ తెలియదు. ఉద్యోగం ఉంటుంది, రోడ్లుంటాయి, పాత రివాల్వర్ గుల్లలు బయటికి విసరదు కాబట్టి చెయ్యి ఎలా ఉన్నా పేలుతుంది. ఆయన అలా చెబితే నేను పక్కనే కూర్చుని తల ఊపుతాను. ఊపడానికే సిద్ధపడి వెళ్లాను, దాచడం ఎందుకు?

మంగళవారం కోర్టు భవనంలో మీటింగు గది నిండింది. వెర్లిన్ మాట్లాడతాడని తెలిసి ఆర్విడ్‌తో సహా బెవ్ హోటల్ మొత్తం వచ్చింది. లోవెల్ కాగితాలు ముందేసుకుని, దెబ్బ కాచుకునేవాడిలా కూర్చున్నాడు. డార్లా వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏదో చెప్పాలన్నావట వెర్లిన్, కొత్త పిస్టళ్ల గురించి," అన్నాడు పెద్ద కమిషనర్. "అవి పనికిరావని నువ్వంటే ఈ క్షణమే తిప్పి పంపుతాం. లోవెల్ ఏమన్నా అనుకోనీ."

"కొట్టు వెర్లిన్, కొట్టు!" అన్నాడు వెనకనుంచి ఆర్విడ్. నవ్వులు.

మా ఆయన లేచాడు. టోపీ చేతిలో పట్టుకుని దాని అంచు తిప్పుతూ ఉన్నాడు. చెప్పెయ్, చెత్తని చెప్పెయ్ అని లోపల లోపల అరుస్తున్నాను.

"పిస్టల్ మంచిదే," అన్నాడు. "ఉంచుకోండి. పోయింది నా చెయ్యి. ఎందుకు పోయిందో తెలీదు, బిల్లింగ్స్ పట్నం వెళ్లి డాక్టర్‌కి చూపించుకోవాలి. లోవెల్ ముందే చెప్పాడు. నేను విన్లేదు, పైపెచ్చు అతన్ని తిట్టాను."

లోవెల్ కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు.

"మొన్న రోడ్డు మీద అది జింక," అన్నాడు వెర్లిన్. "రేపు ఏ తాగుబోతో మన డార్లా మీదికి వస్తాడు. అప్పుడు దాని వెనక ఉండాల్సినవాణ్ని నేను. పిస్టల్‌దే తప్పని చెప్పేసి మళ్లీ ఆ పిల్ల వెనక నిలబడదామనుకున్నాను. రెండు రోజులు అనుకున్నాను. ఆ కోర్టు కుర్చీ ఎక్కడుందో చూపించండి, కూర్చుంటాను."

"పెద్దాయనా," అంది డార్లా వెనకనుంచి. అని గోడవైపు తిరిగిపోయింది. ఆర్విడ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

వెర్లిన్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మేం నలుగురిలో చేతులు పట్టుకునే మనుషులం కాదు. పెళ్లినాడు పాస్టర్ చెబితే పట్టుకున్నాడు, మళ్లీ బయట ఎప్పుడూ లేదు. ఇప్పుడు అందరి ముందూ నా చెయ్యి తీసుకుని నొక్కి పట్టుకున్నాడు. దవడలు బిగుసుకున్నాయి, మెడనరాలు లేచాయి. ఉన్న బలమంతా పెడుతున్నాడని చూస్తేనే తెలుస్తోంది. నా వేళ్ల మీద మాత్రం ఓ చేతిరుమాలు పడ్డంత బరువుంది.

"అబ్బా, మెల్లగా," అన్నాను. "వేళ్లు విరిచేస్తావా ఏంటి?"